నొప్పితో కాపురం చేసిన చిత్రకారుడు రెన్వార్



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను ప్రకాశం పంతులుగారి గురించో, కందుకూరి వీరేశలింగంగారి గురించో వ్రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. నేను వ్రాస్తున్నది ఫ్రాన్సు దేశపు చిత్రకారుడొకరి గురించి. బొమ్మల విషయంలో నా పరిజ్ఞానం బహు స్వల్పం. ముప్పై ఏళ్ళకు పైగా ఖజానా కార్యాలయంలో బిల్లులు, చలాన్లు చూసినవాణ్ణి. అయితే ఆయనకూ నాకూ ఒక చుట్టరికం ఉంది. అది చేతివేళ్ళ చుట్టరికం.

కాలేజీలో చదువుతున్న మా మనవరాలు ఒకనాటి సాయంత్రం తన ఫోనులో ఒక పాత మూకీ చిత్రం చూపించింది. అది 1915లో తీసినది. తెల్లగడ్డపు ముసలాయన ఒకరు కుర్చీలో కూర్చుని బొమ్మ వేస్తున్నారు. ఆయన చేతులు ముడుచుకుపోయి ఉన్నాయి. వేళ్ళు వంకరపోయి అరచేతిలోకి తిరిగి ఉన్నాయి. ఆ చేతికే కుంచె ఉంది. కుంచె మాత్రం తడబడకుండా తిరుగుతోంది. పక్కన ఒక కుర్రవాడు సాయం చేస్తున్నాడు. మా మనవరాలు ఒకసారి ఆ చేతుల వంక, ఒకసారి నా చేతుల వంక చూసి ఊరుకుంది. ఆ పిల్ల ఏమనుకున్నదో నాకు అర్థమైంది. ఆ ముసలాయనే రెన్వార్. ఆ రాత్రి నుండి ఆయన గురించి దొరికినదల్లా చదివాను.

దర్జీ కొడుకు

పియెర్ ఒగుస్త్ రెన్వార్ 1841 ఫిబ్రవరి 25న లిమోజ్ పట్టణంలో జన్మించారు. పింగాణీ సామానుకు పేరుపడిన ఊరది. తండ్రి దర్జీ. పిల్లవాడికి మూడు, నాలుగేళ్ళప్పుడు కుటుంబం పారిస్ చేరింది. ఇంట్లో గడవడమే కష్టం కనుక పదమూడో ఏటనే పింగాణీ సామాను తయారుచేసే చోట పనికి పెట్టారు. పళ్ళేల మీద, గిన్నెల మీద పువ్వులు వేయడం ఆయన పని. చేయి మంచిదని పేరు వచ్చింది. ఇంతలో పళ్ళేల మీద బొమ్మలు అచ్చువేసే యంత్రాలు రావడంతో ఆ పని పోయింది. విసనకర్రల మీద, కిటికీ తెరల మీద బొమ్మలు వేసి పొట్టపోసుకున్నారు. కూడబెట్టిన డబ్బుతో 1862లో చిత్రకళాశాలలో చేరారు.

అక్కడ మోనే, సిస్లే, బాజీల్ అనే సహాధ్యాయులు కలిశారు. వీరంతా గది నాలుగు గోడల మధ్య కాక ఆరుబయట ఎండలో, నీటి ఒడ్డున కూర్చుని బొమ్మలు వేయసాగారు. రంగులు కొనడానికి డబ్బులేని రోజులవి. 1874లో ఈ మిత్రబృందం సొంతంగా ప్రదర్శన పెడితే పత్రికలవారు నవ్వారు. ఎగతాళికి పెట్టిన ఇంప్రెషనిస్టులు అన్న పేరే తరువాత గౌరవనామం అయింది. 1876లో నాట్యశాల తోటలో జనం ఆడిపాడే దృశ్యాన్నీ, 1881లో పడవషికారుకు వచ్చిన మిత్రులు భోజనాలకు కూర్చున్న దృశ్యాన్నీ చిత్రించారు. ఆ రెండూ నేటికీ ప్రపంచ ప్రసిద్ధాలు. ఆయన బొమ్మల్లో ఏడుపు ముఖాలు కనిపించవు. ఎండ, పువ్వులు, పిల్లలు, ఆరోగ్యంగా ఉన్న ఆడవారు. ఈ సంగతి గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను.

1890లో, 49వ ఏట, అలీన్ అనే ఆమెను వివాహం చేసుకున్నారు. ఆమె కుట్టుపని చేసుకొని బ్రతికిన మనిషి. వారికి ముగ్గురు కొడుకులు: పియెర్, ఝాన్, క్లోద్. చేతినిండా పని, కొంత డబ్బు, మంచి ఇల్లాలు, పిల్లలు. సరిగ్గా ఆ సమయంలోనే నొప్పి వచ్చి గుమ్మంలో నిలబడింది.

వ్యాధి వచ్చిన తీరు

1892 ప్రాంతంలో, ఏభయ్యో పడి దాటగానే కీళ్ళలో మొదటి బాధలు కనిపించాయి. వచ్చేవి, పోయేవి. 1897లో భార్య పుట్టినూరు ఎస్వా గ్రామంలో వానకు తడిసిన బాట మీద సైకిలు జారి పడి కుడిచేయి విరిగింది. 1880లోనూ ఒకసారి అదే చేయి విరిగితే ఎడమచేత్తో బొమ్మలు వేసిన మనిషి. ఈసారీ ఎముక అతుక్కుంది గాని, నొప్పులు మాత్రం అక్కడి నుండి స్థిరపడ్డాయని ఇంటివారు చెప్పుకునేవారు. నిజానికి వ్యాధి అంతకుముందే లోపల ప్రవేశించి ఉన్నది. నేడు వైద్యులు దీనిని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి పొరపాటున సొంత కీళ్ళ మీదనే దాడి చేసే వ్యాధి ఇది. వయసు మీదపడి మోకాళ్ళు అరిగే నొప్పి వేరు, ఇది వేరు.

మొదట ఒక చేతికర్ర, తరువాత రెండు, ఆ తరువాత చంకకర్రలు. 1902 ప్రాంతంలో ఎడమకంటి నరం కూడా దెబ్బతిన్నది. 1903 తరువాత వ్యాధి ఉధృతమైంది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. మనిషి చిక్కి శల్యమయ్యారు. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి.

మందు కోసం తిరిగిన తిరుగుడు

ఇంతటి బాధలో ఆయన చేతులు ముడుచుకొని కూర్చున్నారని అనుకోరాదు. తెలిసిన ప్రతి వైద్యమూ చేయించుకున్నారు. వేడినీటి ఊటలలో స్నానం చేస్తే కీళ్ళు సడలుతాయంటే 1899లో ఎక్స్-లె-బేన్‌కు, 1904లో బూర్బోన్-లె-బేన్‌కు వెళ్ళారు. మనవాళ్ళు తీర్థాలకు వెళ్ళినట్లు అక్కడివారు ఆ ఊటలకు వెళ్ళేవారు. అంటిపైరిన్ అనే నొప్పి మందు వాడారు. విరేచనాల మందులు పుచ్చుకున్నారు. చలి పడదని శీతాకాలాలు దక్షిణాన సముద్రతీరంలో గడపసాగారు. 1907లో కాన్య అనే ఊళ్ళో లె కొలెత్ అనే తోట కొన్నారు. అందులోని వందల ఏళ్ళనాటి ఆలివ్ చెట్లను నరికివేస్తారని తెలిసి, వాటిని కాపాడటానికే కొన్నారట. అక్కడే ఇల్లు కట్టుకొని స్థిరపడ్డారు.

వ్యాయామం కూడా విడిచిపెట్టలేదు. ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు మూడు చిన్న తోలుబంతులు ఎగరవేసి పట్టుకునేవారు, గారడీవాళ్ళ మాదిరిగా. వేళ్ళు బిగుసుకొని బంతులు జారిపోతుంటే వాటిని వదిలి చిన్న కొయ్యదుంగను ఎగరవేసి పట్టడం మొదలుపెట్టారు. అదీ సాధ్యం కానప్పుడే మానుకున్నారు. కీలును కదల్చకపోతే బిగుసుకుపోతుందని నేటి ఫిజియోథెరపీ చెప్పే మాటను ఆయన తనంతట తానే గ్రహించారన్నమాట.

ఇన్ని చేసినా వ్యాధి ఒక్క అడుగైనా వెనక్కు వేయలేదు. వేయదు కూడా. ఆ రోజుల్లో ఈ వ్యాధిని అదుపుచేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆస్పిరిన్ 1899లో బజారుకు వచ్చింది గాని అది నొప్పిని కాసేపు తగ్గిస్తుందే తప్ప కీలును కాపాడదు. కార్టిజోన్ రోగులకు మొదట ఇచ్చినది 1948లో.

నడకా, కుంచా?

ఆయన జీవితంలో నన్ను అన్నిటికంటె ఆలోచింపజేసిన ఘట్టం 1912 ప్రాంతంలో జరిగింది. ఈ సంగతిని కొడుకు ఝాన్ తండ్రి మీద వ్రాసిన పుస్తకంలో చెప్పారు. అప్పటికి ఆయన పూర్తిగా చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. పారిస్ నుండి ఒక వైద్యుడు వచ్చి కొద్ది వారాల్లో తిరిగి నడిపిస్తానని హామీ ఇచ్చారు. బలమైన ఆహారం పెట్టారు. కొంత ఓపిక వచ్చింది. ఒకనాడు వైద్యుడు ఆయనను కుర్చీలోంచి లేవదీసి, ఇక నడవమన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. రెన్వార్ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ బొమ్మ నిలబెట్టిన కొయ్య చుట్టూ తిరిగి మళ్ళీ కుర్చీ దగ్గరకు వచ్చారు. అందరికీ ఆనందం. అప్పుడాయన, ఇక నడక ప్రయత్నం మానుకుంటున్నానని ప్రకటించారు. నడవడానికి తనలోని సంకల్పబలమంతా ఖర్చైపోతున్నదనీ, బొమ్మలు వేయడానికి ఏమీ మిగలదనీ, రెంటిలో ఒకటే కోరుకోవలసి వస్తే బొమ్మలనే కోరుకుంటాననీ చెప్పి కూర్చున్నారు. మరి లేవలేదు.

ఇది ఓటమి అని మొదట నాకు తోచింది. తరువాత ఆలోచిస్తే, ఖజానాలో పనిచేసినవాడిగా నాకు మరో విధంగా అర్థమైంది. ఉన్న బడ్జెటు ఇంతే. రెండు పద్దులకు చాలదు. ఏ పద్దుకు కేటాయించాలో యజమాని నిర్ణయించుకున్నాడు. అంతే.

ఆ తరువాత ఇల్లంతా ఆ ఒక్క పని చుట్టూ అమర్చుకున్నారు. ఉదయం కుర్చీలో మోసుకొని తోటలోని అద్దాల గదికి తీసుకువెళ్ళేవారు. చర్మం ఒరుసుకుపోకుండా అరచేతికి మెత్తని గుడ్డ చుట్టేవారు. గాబ్రియేల్ అనే ఇంటి మనిషి, ఆమె లేనప్పుడు మరొకరు, వేళ్ళ సందున కుంచె ఉంచేవారు. కుంచెను చేతికి కట్టేవారని లోకంలో ఒక ప్రచారం ఉంది గాని అది నిజం కాదు. పట్టుకున్నది ఆయనే. రంగుల పలక ఒడిలో ఉండేది. పెద్ద బట్ట మీద బొమ్మ వేయవలసి వస్తే చేయి అందదు కనుక, బట్టను రెండు రూళ్ళకు చుట్టి తిప్పే ఏర్పాటు చేశారు. కావలసిన భాగం చేతి ఎదుటికి వచ్చేది.

1913 నుండి గీనో అనే యువశిల్పి సహాయంతో శిల్పాలు కూడా చేశారు. రెన్వార్ చెప్పడం, ఆయన చేతులు చేయడం. ఈ శిల్పాలలో గీనోకు కూడా కర్తృత్వం ఉన్నదని ఫ్రాన్సు ఉన్నత న్యాయస్థానం 1973లో తేల్చింది. చేసిన పనికి పేరు దక్కడానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. అరియర్స్ కోసం ఎదురుచూసినవాళ్ళం కనుక మనకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

యుద్ధం, ఇల్లాలి మరణం

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. పెద్దకొడుకు పియెర్‌కు చేతికి, రెండవవాడు ఝాన్‌కు కాలికి తీవ్రమైన గాయాలయ్యాయి. ఝాన్‌ను చూడటానికి అలీన్ ఆసుపత్రికి పరుగెత్తారు. ఆమె అప్పటికే మధుమేహ రోగి. తిరిగి వచ్చిన కొద్దికాలానికే 1915 జూన్‌లో కన్నుమూశారు. తనకంటె చాలా చిన్నదైన భార్య ముందుగా పోవడం ఆ వయసులో ఎటువంటి దెబ్బయో మనలో కొందరికి స్వయంగా తెలుసు. మా మనవరాలు చూపించిన చిత్రం ఆ సంవత్సరం తీసినదే. పక్కన ఉన్న కుర్రవాడు చిన్నకొడుకు క్లోద్.

ఇన్ని బాధల మధ్య వేసిన చివరి పెద్ద చిత్రం స్నానం చేసే స్త్రీలది. 1918, 1919 సంవత్సరాలలో చేశారు. దానిని కొడుకులు 1923లో ప్రభుత్వానికి బహూకరించారు. నేడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నది. అందులో నొప్పి ఛాయ వెదికినా కనబడదు. 1919లో ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో గదిగదికీ తిప్పి, తాను పడుచువాడుగా ఉన్నప్పుడు చూసి నేర్చుకున్న చిత్రాలు మళ్ళీ చూపించారు. ఆ డిసెంబరు 3న కాన్యలో, 78వ ఏట, కాలధర్మం చెందారు. కొడుకు ఝాన్ తరువాత పెద్ద సినిమా దర్శకుడయ్యారు. 1951లో విడుదలైన ది రివర్ చిత్రాన్ని బెంగాలులో తీసినది ఆయనే. సత్యజిత్ రాయ్‌గారికి ఆయనతో అప్పుడే పరిచయమైంది.

భీమవరం నుండి వచ్చిన మందు

ఇక్కడితో వ్యాసం ముగించవచ్చు. నొప్పిని ఓర్చుకోవాలి, రెన్వార్‌ను ఆదర్శంగా తీసుకోవాలి అని నీతి చెప్పి సంతకం పెట్టవచ్చు. కాని అది సరికాదని చెప్పడానికే ఇదంతా వ్రాశాను.

రిటైరైన మూడేళ్ళకు, 2011 చలికాలంలో, నా రెండు చేతుల వేళ్ళ కణుపులు వాచాయి. ఉదయం లేచిన గంటసేపటి దాకా పిడికిలి బిగుసుకొని ఉండేది. కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేవాణ్ణి. వయసు కదా అనుకున్నాను. వావిలాకు కాపడం పెట్టాను. నువ్వుల నూనె రాశాను. తరువాత ఎవరో చెప్పగా పొరుగూరిలో ఒకాయన ఇచ్చే పొడి పొట్లాలు తెచ్చుకున్నాను. పేరు లేదు, చీటీ లేదు. మూడు రోజుల్లో నొప్పి మాయం. దేవుడే ఆ రూపంలో వచ్చాడనుకున్నాను. ఏడాదిన్నర వాడాను. ముఖం ఉబ్బింది, షుగరు వచ్చింది. పొడి మానితే నొప్పి రెట్టింపు. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని పెద్దాసుపత్రి డాక్టరుగారు చెప్పారు. అది నొప్పిని కప్పిపెట్టింది. దాని చాటున వ్యాధి నా వేళ్ళను వంచేసింది. ఆ సంవత్సరమే పెన్షను కాగితం మీద నా సంతకం పాత సంతకంతో కలవడం లేదని తిప్పి పంపారు. జీవితమంతా ఇతరుల సంతకాలు సరిచూసినవాడికి జరిగిన మర్యాద అది. ఆ రోజు ఇంటికి వచ్చి మా ఇంటావిడకు కూడా చెప్పలేదు.

ఆ డాక్టరుగారే రుమటాలజిస్టు దగ్గరకు పంపారు. రక్తపరీక్షలు చేసి మెథోట్రెక్సేట్ అనే మాత్ర వ్రాశారు. దాని చరిత్ర చదివినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు డైరెక్టరుగా ఉన్నారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సొంత సోదరుణ్ణి స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఫోలిక్ ఆమ్లం ఆ స్ప్రూకే మందుగా పనికివచ్చింది. తరువాత ఆ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు అదే పరిశోధనశాలలో పుట్టాయి. మొదట వాటిని రక్త కేన్సరుకు వాడారు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో గతించారు. కీళ్ళవాతానికి అమినాప్టెరిన్ పనిచేస్తుందని 1951లో బయటపడింది. మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి అమెరికా ప్రభుత్వం 1988లో ఆమోదించింది. నేను వారానికొక రోజు మెథోట్రెక్సేట్, మరొక రోజు ఫోలిక్ ఆమ్లం వేసుకుంటాను. రెండూ ఒకే తెలుగువాడి పరిశోధనశాల నుండి వచ్చినవే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ మాత్ర వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. మా ఇంటావిడ గోడ క్యాలెండరులో శుక్రవారాలకు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, మాత్ర వేసుకోగానే టిక్కు పెడుతుంది. మా ఆఫీసు రిజిస్టరు కూడా అంత పద్ధతిగా ఉండేది కాదు. డాక్టరు చెప్పిన గడువుల్లో రక్తపరీక్షలు తప్పనిసరి. ఇది అందరికీ సరిపడే మందు కాదు, డాక్టరు చూసి వ్రాయవలసినదే. ఇది సరిపడనివారికి వేరే మందులు కూడా వచ్చాయి. నాకు ఆరేడు వారాలకు వాపు తగ్గింది, మూడు నెలలకు పిడికిలి తెరుచుకుంది. కాని అప్పటికే వంగిపోయిన వేళ్ళు తిన్నగా కాలేదు. అవి కావు. ఆ ఏడాదిన్నర నాకు ఎవరూ తిరిగి ఇవ్వరు.

కనుక సోదరులకు, ముఖ్యంగా సోదరీమణులకు నా మనవి. ఈ వ్యాధి ఆడవారిలోనే ఎక్కువ. ఇంట్లో ఆడవారు పొద్దున్నే వేళ్ళు పట్టుకుపోయాయంటే చలికాలం కదా అని మనం పేపరు తిప్పేస్తాం. ఉదయం అరగంట, గంట బిగుసుకుపోవడం, రెండు చేతుల చిన్న కీళ్ళు వాచడం కొన్ని వారాలపాటు ఉంటే వయసు మీద నెపం వేయకండి. పేరు లేని పొట్లాలు ముట్టుకోకండి. రెన్వార్ ఓర్చుకున్నారంటే ఆయనకు మందు లేదు కనుక. మనకు ఉన్నది.

అయితే మందు అందిన తరువాత కూడా మిగిలిపోయే నొప్పి కొంత ఉంటుంది. ఆ కొంతకు మాత్రం రెన్వార్ గురువు. నేను స్కూటరు అమ్మేశాను. బజారు పని అబ్బాయికి అప్పగించాను. చేతుల్లో ఉన్న ఓపికంతా ఫ్యామిలీ పెన్షన్ రాని వితంతువులకు అర్జీలు వ్రాసిపెట్టడానికి దాచుకున్నాను. పెన్నుకు గుడ్డ చుట్టి లావు చేసుకుంటే పట్టు దొరుకుతుంది. ఈ వ్యాసం కూడా రోజుకు అరపేజీ చొప్పున నా చేత్తోనే వ్రాశాను. అక్షరాలు వంకరగా ఉన్నందుకు మా కార్యదర్శిగారు, అచ్చువేసేవారు మన్నించాలి.